తొమ్మిదో మంచం కార్డు

"తలుపు తియ్యమ్మా. కాసిని పాలైనా తాగి పడుకో" అని మా అత్తగారు మూసిన తలుపుతో మాట్లాడటం అది నాలుగోసారి.

తలుపూ పలకలేదు, లోపలున్న మా తోటికోడలూ పలకలేదు. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గడియ పెట్టుకున్న మనిషి, తెల్లారి ఆరున్నరైనా బయటికి రాలేదు. మా మరిది హాల్లో సోఫా మీద పడుకుని లేచాడు. చొక్కా నలిగిపోయింది, ముఖం అంతకంటే నలిగిపోయింది.

నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. చెవులు మాత్రం హాల్లోనే ఉన్నాయి.

"దాని ఉద్యోగం పోతుందా వదినా?" మరిది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నన్నడిగితే? నిన్న నేను సెలవులో ఉన్నానుగా" అన్నాను.

నిన్నటి నుంచీ ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను, అత్తగారికి మూడుసార్లు చెప్పాను. నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. నేను సెలవులో ఉన్నాను. మేమిద్దరం పనిచేసే వృద్ధుల హోములో తొమ్మిదో మంచం దర్జీ తాతకు నిన్న మధ్యాహ్నం అన్నం పొలమారినప్పుడు నేను ఈ ఇంట్లో, ఈ వంటింట్లోనే ఉన్నాను.

ఊపిరాడక మనిషి నీలంగా అయిపోయాడట. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయాయని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికల్లా హోము మేనేజరు మా తోటికోడలి చేతిలో కాగితం పెట్టాడు. రేపు రెండింటికల్లా సంజాయిషీ ఇవ్వాలి, అది సరిగ్గా లేకపోతే హెడ్ సిస్టర్ పదవి నుంచి తప్పిస్తాం అని. ఆవిడ హెడ్ అయి రెండు నెలలే అయింది.

నేను అక్కడ పంతొమ్మిదేళ్ళుగా సిస్టర్‌ని. ఎందుకు దాచాలి, ఆ కాగితం సంగతి వినగానే కొంచెం సంతోషించాను. ఒక్క నిమిషమో, రెండు నిమిషాలో. తర్వాత తాత గుర్తొచ్చాడు.

అత్తగారు పాలగ్లాసుతో వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు. "నువ్వా సీట్లో ఉంటే ఇట్లా జరిగేదా పెద్దమ్మాయీ? నాకు తెలుసు. చిన్నది చదువుకుంది గానీ, నీ చేతిలో ఉన్న ఒడుపు దానికెక్కడిది? ఆ హోము వాళ్ళకి మనుషుల్ని చూసే కళ్ళు లేవు."

ఈ మాట కోసం నేను రెండు నెలలు ఎదురుచూశాను. చిన్నది హెడ్ అయిన రోజు ఈవిడే, వీధిలో ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి మరీ చెప్పారు, మా చిన్న కోడలికి పెద్ద పదవి వచ్చిందని. "మరి పెద్దావిడ?" అని ఎవరో అడిగారు. "అదీ అక్కడే. దీని కిందే" అన్నారు. ఆ "కిందే" అన్న మాట మెట్ల మీద ఉన్న నా చెవిన పడింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

ఇవాళ ఆ నోటితోనే నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు. వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టుంది నాకు. మింగలేను, ఉమ్మలేను.

"ఏమండీ, మీరొకసారి పిలవండి" అన్నాను మా ఆయనతో.

ఆయన అద్దంలోంచి చూపు తిప్పకుండానే గడ్డం గీసుకుంటూ అన్నారు. "నువ్వు పిలువు. నువ్వు పిలిస్తే వస్తుంది. అక్కా అక్కా అని నీ చుట్టూనే తిరుగుతుందిగా."

అందరూ చూస్తుండగా వెళ్ళి తలుపు మీద రెండుసార్లు కొట్టాను. "ఏడుంబావు బస్సు పోతే మళ్ళీ ఎనిమిదింటికే. వస్తున్నావా?"

గడియ వెంటనే తీసింది. అత్తగారు నాలుగుసార్లు బతిమాలితే రానిది, నా ఒక్క పిలుపుకి వచ్చింది. మామూలు రోజైతే నాకు గర్వంగా ఉండేది.

అప్పటికే తెల్ల యూనిఫాం వేసుకుని ఉంది. తల నున్నగా దువ్వుకుంది. నడుముకి నీలం బెల్టు. కళ్ళు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ కళ్ళతో నన్ను చూసింది. చూస్తూనే ఉంది. ఎంతసేపు చూస్తావే అని అనాలనిపించింది.

"పద అక్కా" అంది.

అత్తగారి చేతిలో గ్లాసు తీసుకుని నిలబడే తాగేసి చెప్పులేసుకుంది. మరిది ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "సాయంత్రం చెప్తాను. రెండింటికి తేలిపోతుంది."

బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. సంచులు ఒళ్ళో పెట్టుకున్నాం. తొమ్మిదేళ్ళుగా అదే సీటు. ఈ రెండు నెలల్లో మాత్రం మా మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు మిగులుతోంది.

ఆ బెల్టు గురించి చెప్పాలి. మా హోములో సిస్టర్లందరికీ తెల్ల బెల్టు, హెడ్ సిస్టర్‌కి నీలం బెల్టు. పాత హెడ్ రిటైరవుతుందని తెలిసినప్పుడు, ఇక నువ్వేగా అని వంటావిడ దగ్గర్నుంచి డాక్టరు దాకా నాతో అన్నారు. నేను ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంట్లో అద్దం ముందు నడుం మీద చెయ్యేసి చూసుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతటితో ఆగానా. దర్జీ తాత ముందుకెళ్ళి నిలబడ్డాను.

తాతకి నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. అంకెలు మాత్రం మిగిలాయి. జీవితమంతా జనాల కొలతలు తీసిన మనిషి కదా, ఎవరు ఎదురుగా నిలబడినా ఎడంచేతి వేళ్ళు చాపి గాలిలో కొలిచి అంకె చెబుతాడు. మేనేజరు నలభై. ఆయన కడుపు లోపలికి పీల్చుకుని నిలబడినా తాత నలభై అనే అంటాడు.

"బెల్టుకి కొలత చూడు తాతా" అన్నాను.

"ముప్పై ఆరు" అన్నాడు. అని నవ్వాడు, మూతి ఒక పక్కకే పోయేలా.

నెల తిరిగేసరికి బెల్టు వచ్చింది. ఇరవై ఎనిమిది. నేను వేలు పట్టుకుని ఇంజెక్షన్ చెయ్యడం నేర్పిన పిల్ల నడుముకి. అదేదో మేనేజ్‌మెంటు కోర్సు చదివిందట, ఆదివారాలు పోయి. ఆ ఆదివారాలు దాని వంతు వంట కూడా నేనే చేశాను.

"అక్కా" అంది చిన్నది, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నిన్న ఎందుకు సెలవు పెట్టావు?"

"తలనొప్పి."

"ఊఁ."

"నమ్మవా?"

"నమ్ముతాను. నిన్ను ఎప్పుడూ నమ్ముతూనే ఉన్నాను."

ఆ గొంతులో నిష్ఠూరం ఉందా లేదా అని తర్వాతి మూడు స్టాపులూ ఆలోచించాను. తలనొప్పి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నిన్న పై ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వచ్చారు, ఎవరిని ఎట్లా చూసుకోవాలో రాసి హెడ్ సిస్టర్ కొత్తగా పెట్టించిన మంచం కార్డులు చూడటానికి. ఆవిడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఆ చప్పట్లు నా చెవులతో వినలేక సెలవు పెట్టాను.

హోములో నేను అడుగు పెట్టగానే, తొమ్మిదో మంచం దగ్గర కొత్త ఆయమ్మ ఎదురొచ్చింది. చేరి మూడు వారాలైంది ఆవిడ. నిన్న తాతకు అన్నం తినిపించింది ఈవిడే.

"సిస్టరమ్మా, కార్డులో ఉన్నట్టే చేశానమ్మా" అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "కూర్చోబెట్టాను. చిన్న ముద్దలు పెట్టాను. అయిపోయిందా తాతా అంటే తలూపాడు. అప్పుడు పడుకోబెట్టాను. నేనేం తప్పు చేశానో చెప్పండమ్మా, నాకు అర్థం కావట్లేదు."

"నువ్వేం తప్పు చెయ్యలేదులే. పని చూసుకో పో" అన్నాను.

ఆ మాట ఎవరు చెప్పినా ఆవిడ నమ్మకపోవచ్చు గానీ, నిజమని నాకు తెలుసు. నా ఒక్కదానికే తెలుసు.

తాత కుడి చెంపకి స్పర్శ లేదు. తిన్న దాంట్లో ముద్దెడు ఆ చెంప లోపల, చిగుళ్ళకీ బుగ్గకీ మధ్య ఉండిపోతుంది. ఉందని తాతకి కూడా తెలియదు. అయిపోయిందా అంటే అయిపోయిందనే తలూపుతాడు. పడుకోబెడితే అది మెల్లగా గొంతులోకి జారుతుంది. డాక్టరు కాగితాల్లో ఎక్కడా లేదిది. తాత వచ్చిన మొదటి వారంలోనే నా వేలికి తగిలింది. నాలుగేళ్ళుగా మధ్యాహ్నం భోజనం కాగానే తడి గుడ్డ వేలికి చుట్టుకుని ఆ చెంప తుడిచేదాన్ని. రాత్రిపూట ఆయనకి జావే కాబట్టి ఇబ్బంది లేదు. నేను సెలవు పెట్టే రోజు పాత ఆయాకి చెప్పి వెళ్ళేదాన్ని. పోయిన నెల ఆవిడ పని మానేసింది, అప్పటి నుంచి నేను సెలవే తీసుకోలేదు.

నిన్న సెలవు పెట్టినప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక మళ్ళీ తొమ్మిదో మంచం దగ్గరికి వచ్చాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేస్తూ తలవైపు చూశాను. ప్లాస్టిక్ తొడుగులో కార్డు. నా రాత. కింద మా తోటికోడలి సంతకం.

ఆ కార్డుల గొడవ మొదలయ్యే ముందు ఈ హోములో నా వైభవం వేరు. డ్యూటీ మారే వేళ సిస్టర్లందరూ టీ గ్లాసులతో గదిలో కూర్చునేవారు. నేను పుస్తకం ముట్టకుండా ముప్పై మంచాల సంగతులూ వరసగా అప్పజెప్పేదాన్ని. ఎవరికి ఏ వైపు పడుకుంటే నిద్ర పడుతుంది, ఎవరు మాత్ర నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారు, ఎవరికి దిండు కింద కళ్ళజోడు లేకపోతే గాభరా. బిస్కెట్ నమలడం ఆపి వినేవారు. ఈవిడ లేకపోతే ఈ హోము నడవదు అనేవారు. ఆ మాట మీదే నేను పంతొమ్మిదేళ్ళు బతికాను.

చిన్నది హెడ్ అయిన మొదటి వారమే దాన్ని మార్చేసింది. డ్యూటీ అప్పగింత, అదే హ్యాండోవర్, గదిలో కూర్చుని కాదు, ప్రతి మంచం దగ్గరా నిలబడి చెయ్యాలంది. ప్రతి మంచానికీ ఒక కార్డు ఉండాలంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లో భోజనాల బల్ల మీద ముప్పై ఖాళీ కార్డులు పరిచింది. నా చేతిలో పెన్సిలు పెట్టింది. "పెన్సిలుతో రాయి అక్కా, మార్చుకోవడానికి వీలుంటుంది. నీ తలలో ఉన్నదంతా కావాలి నాకు. నువ్వు లేని రోజు కూడా నువ్వు ఉన్నట్టే ఉండాలి."

అది పొగిడింది. నాకు మాత్రం, నువ్వు లేకపోయినా ఫర్వాలేదు అని వినబడింది.

రాశాను. ఎనిమిది కార్డులు నిజాయితీగా రాశాను. తొమ్మిదోది కూడా రాశాను. కూర్చోబెట్టి తినిపించాలి, చిన్న ముద్దలు, తొందర పెట్టకూడదు. ఆ తర్వాత చెంప సంగతి కూడా రాశాను. రాసి, దాన్ని చూస్తూ కూర్చున్నాను. ముప్పై కార్డులూ నిండాక ఇక నా దగ్గర ఏముంటుంది అనుకున్నాను. ఒక్కటైనా నాది నాకుండాలి. ఒక్కసారైనా ఆ నీలం బెల్టు నా దగ్గరికొచ్చి, అక్కా ఇదెట్లా అని అడగాలి.

రబ్బరు తీసుకుని ఆ ఒక్క లైను చెరిపేశాను. పొట్టు ఊదేశాను. రోజూ నేనుంటానుగా, నేను చూసుకుంటానుగా అనుకున్నాను. తాతకి చెడు జరగాలని నేను అనుకోలేదు. ఇది ఎవరితో చెప్పినా నమ్ముతారా?

తొడుగులోంచి కార్డు తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. వెలుతురుకి ఏటవాలుగా పట్టాను.

నేను పెన్సిలు గట్టిగా నొక్కి రాస్తాను. చిన్నప్పటి అలవాటు. సీసం పోయింది గానీ, అక్షరాల గాట్లు అట్లాగే ఉన్నాయి. లోతుగా, వరసగా, చక్కగా చదవొచ్చు.

"సిస్టర్, హెడ్ సిస్టర్ దుప్పట్ల గదిలో ఉన్నారు. మిమ్మల్ని రమ్మంటున్నారు" అంది ఆయమ్మ వెనకనుంచి.

అప్పుడు టైము ఒంటిగంటన్నర.

దుప్పట్ల గదిలో చిన్నది అరల ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఉతికిన దుప్పట్లు ఒళ్ళో పెట్టుకుని మడతలు పెడుతోంది. అది హెడ్ చెయ్యాల్సిన పని కాదు. గాభరాగా ఉన్నప్పుడు అది దుప్పట్లు మడుస్తుంది, చేరిన కొత్తలో నుంచీ అంతే.

"సంజాయిషీ రాశాను. చదువు అక్కా. తప్పులుంటే చెప్పు" అని కాగితం అందించింది.

అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. వాటిని చూసినా నాకు కడుపు మండింది. అట్లాంటి వేళ కూడా.

ఆయమ్మ కార్డులో ఉన్నట్టే చేసిందనీ, ఆవిడ తప్పు లేదనీ రాసింది. కార్డు అసంపూర్తిగా ఉండగానే దాని మీద సంతకం పెట్టింది తానేననీ రాసింది. భోజనం తర్వాత తాతకి ఇంకేం చూడాలో తాను ఎవరినీ అడగలేదనీ, ఆ అడగకపోవడమే తన తప్పనీ రాసింది. ఇకనుంచి కార్డులో చేర్చే వాక్యం అని కింద ఒక గీత గీసి రాసింది.

భోజనం అయ్యాక కుడి చెంప లోపల తడి గుడ్డతో చూడాలి, ఉందని ఆయనకి తెలియదు, మనమే చూడాలి.

ఆ వాక్యం నాది. నేను రాసి చెరిపేసిన మాటలు, నేను రాసిన వరసలోనే. ఒక్క అక్షరం తేడా లేదు.

కాగితం చేతిలో పట్టుకుని నేలకేసి చూశాను. నిన్న తలుపేసుకుని ఇది ఏడ్చింది ఉద్యోగం గురించి కాదు.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"నిన్న. తాతని తీసుకెళ్ళాక. ఎక్కడ పొరపాటు జరిగిందా అని కార్డు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను."

"మరి ఇందులో నా మాట ఎందుకు రాయలేదు?"

"హెడ్‌ని నేను. నా చేతి కింద జరిగింది నాదే అవుతుంది."

"ఎంత పెద్ద మనసో" అన్నాను. నోరు ఆగలేదు. "మంచిదాన్ననిపించుకోవాలనా?"

"అవును" అంది.

నేను తలెత్తి చూశాను. అది మడత పెట్టడం ఆపలేదు.

"ఒక్కసారి నీకంటే మంచిదాన్ననిపించుకోవాలని ఉంది అక్కా. నీకేం తెలుసు? నేను దుప్పటి కప్పితే పదిహేడో మంచం అవ్వ కాళ్ళతో తోసేస్తుంది. నువ్వు అదే దుప్పటి కప్పితే నిద్రపోతుంది. నేను నెలజీతం పెట్టి కోర్సు చదివి వచ్చి ఏదైనా చెబితే, అందరూ నీ ముఖం చూసి తలూపుతారు. ఇంట్లో మీ మరిది కూడా, కూర బాగుంటే వదిన చేసిందా అంటాడు. నడుముకి బెల్టు నాకు ఇచ్చారు గానీ, ఇక్కడ హెడ్ నువ్వే. నాకది ప్రతిరోజూ తెలుస్తూనే ఉంది."

దీనికి కూడా నా మీద కుళ్ళు ఉందని నేను కలలో కూడా అనుకోలేదు. ఉందని తెలిసి ఒక చిన్న తృప్తి కలిగింది. కలిగిందని చెప్పుకోవడానికే నాకు అసహ్యంగా ఉంది.

"అడిగితే చెప్పేదాన్ని" అన్నాను.

"అడిగితే నీకు తెలిసిపోతుంది, నాకు తెలియదని. అందుకే అడగలేదు" అని లేచి దుప్పట్లు అరలో పెట్టింది. "తప్పులు లేవుగా కాగితంలో? రెండవుతోంది, పద."

రెండింటికి మేనేజరు వచ్చాడు. సంజాయిషీ చేతికి తీసుకుని, నిలబడే చదివాడు. "ముందు హ్యాండోవర్ కానివ్వండి. నేను కూడా చూస్తాను" అన్నాడు.

మొదటి మంచం దగ్గర మొదలుపెట్టాం. సాయంత్రం డ్యూటీ సిస్టర్లు, ఆయమ్మ, నేను, ముందు హెడ్ సిస్టర్. ఒక్కో కార్డూ చదవడం, ఆ మనిషిని పలకరించడం, కొత్త సంగతి ఉంటే చెప్పడం. ఐదో మంచం పెద్దాయనకు మడమ దగ్గర ఎర్రబడటం తగ్గింది. ఏడో మంచం ఆవిడ పొద్దున్న నుంచి మంచినీళ్ళు సరిగ్గా తాగలేదు. నిజం చెప్పాలంటే ఈ పద్ధతి బాగుంది. గదిలో టీ తాగుతూ నేను అప్పజెప్పినప్పుడు, నేను ఎవరి గురించి చెబుతున్నానో వాళ్ళ ముఖం అక్కడ ఉండేది కాదు.

తొమ్మిదో మంచం. దుప్పటి తీసేసిన పరుపు. మంచం పక్క సొరుగు బల్ల మీద తాత కొలతల టేపు, చుట్ట చుట్టి.

మేనేజరు కాగితం తెరిచాడు. "ఈ చెంప సంగతి ఇక్కడ ఎవరికైనా ముందే తెలుసా?"

"ఎవరికీ తెలియదు సార్" అంది చిన్నది. "నేను కనుక్కుని ఉండాల్సింది."

ఆయమ్మ తల వంచుకుంది. మిగతా సిస్టర్లు నేల చూపులు చూశారు. మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు. ఆ కాగితం మీద ఆయన ఒక్క ముక్క రాస్తే అయిపోతుంది. దాని బెల్టు పోతుంది. నా లైను ఎవరూ చూడరు. ఇంటికెళితే అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదంతా ఒక్క పెన్ను గీత దూరంలో ఉంది.

"నాకు తెలుసు సార్" అన్నాను.

చిన్నది గిరుక్కున తిరిగింది. "అక్కా, నువ్వు ఊరుకో."

"నాలుగేళ్ళుగా తెలుసు. కార్డులో రాసి, నేనే చెరిపేశాను. కావాలంటే వెలుతురుకి పట్టి చూడండి."

ఎందుకు నోరు తెరిచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయమ్మ ఏడుపా, తాత మీద పాపభీతా, లేకపోతే ఆ కాగితంలో చిన్నది నాకంటే ఎత్తున నిలబడటం చూడలేకపోవడమా. మూడోదే ఎక్కువ అని నాకు అనుమానం.

మేనేజరు కార్డు తీసుకుని కిటికీ వైపు నడిచాడు.

"ఇది కూడా నువ్వే తీసేసుకున్నావా అక్కా" అంది చిన్నది, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. దాని కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపం ఉంది. నాకు బాగా తెలిసిన కోపం. రెండు నెలలుగా రోజూ అద్దంలో చూస్తున్నాను దాన్ని.

సిస్టర్ల గదిలో ఫోను మోగింది.

పొద్దున్న పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే, మధ్యాహ్నం డాక్టరు చూశాక తామే చెబుతామన్నారు. ఈ వేళలో ఫోను వచ్చిందంటే అక్కడి నుంచే. హోములో ఫోను ఎత్తాల్సింది హెడ్ సిస్టరే, అది పాత పద్ధతి.

చిన్నది కదల్లేదు. నడుం దగ్గర చెయ్యి పెట్టి నీలం బెల్టు విప్పింది. తొమ్మిదో మంచం సొరుగు బల్ల మీద, కొలతల టేపు పక్కన పెట్టింది.

"ఎత్తు" అంది. "తాత సంగతి ఏదైనా సరే, ముందు నువ్వే విను."

ఫోను మోగుతూనే ఉంది. మేనేజరు కిటికీ దగ్గర కార్డు ఏటవాలుగా పట్టుకుని చదువుతున్నాడు. నేను బెల్టు ముట్టుకోలేదు. గది వైపు నడిచాను.